లెమ్నాలో ఎరుపు స్విచ్: బరంపురం ల్యాబు ప్రాజెక్టు డైరీ

నవంబరు: మొక్క, నీరు, అనుమతి

లెమ్నా మైనర్ నీటి మీద తేలే చిన్న మొక్క, డక్‌వీడ్ కుటుంబానిది. ఈ ప్రాజెక్టు లక్ష్యం ఒక్కటే. లెమ్నా మైనర్‌లో ఒక కొత్త జన్యువును పెట్టి, అది మనం ఆన్ చేసినప్పుడే పనిచేసేలా, ఆపితే ఆగేలా చేయాలి. జన్యువును ఎక్కించడం ఇప్పుడు కొత్త విషయం కాదు. అదుపే కష్టం. ఎప్పుడూ ఆన్‌లో ఉండే జన్యువు మొక్క శక్తిని తినేస్తుంది. లెమ్నా విలువంతా రెండు, మూడు రోజుల్లో రెట్టింపయ్యే దాని ఎదుగుదలలోనే ఉంది. అది మందగిస్తే ఈ మొక్కను ఎంచుకున్న ప్రయోజనమే పోతుంది. అందుకే ముందు బాగా పెంచుకుని, కావలసినంత పచ్చదనం చేరాక స్విచ్ వేయాలి.

గంజాం జిల్లా చెరువుల్లో ఈ కుటుంబం మొక్కలకు కొదవ లేదు. పెద్ద గుండ్రటి ఆకుతో, అడుగున ఊదారంగుతో ఉండేది స్పైరోడెలా పాలీరైజా. చిన్న ఆకు, ఒక్కటే వేరు ఉన్నది ఎక్కువగా లెమ్నా ఈక్వినాక్టియాలిస్. రవ్వంత గింజల్లా తేలేది వుల్ఫియా. వీటిలో దేన్నీ మార్పిడికి తీసుకోలేదు. ఈక్వినాక్టియాలిస్ పూసి విత్తనం పెట్టే రకం, దాని చుట్టాలన్నీ ఊరి చెరువుల్లోనే ఉన్నాయి. స్పైరోడెలా ట్యూరియన్లు (నిద్రమొగ్గలు) పెడుతుంది. అవి నీటి అడుగుకు దిగి నిద్రపోయి, అదను చూసి మళ్ళీ తేలతాయి. ఒక్కటి డ్రెయినులోకి జారినా వెతికి పట్టుకోలేం. లెమ్నా మైనర్‌కు ట్యూరియన్లు లేవు, పైగా దాన్ని ఆగ్రోబాక్టీరియంతో (మొక్క కణంలోకి డీఎన్‌ఏ పంపగల మట్టి బ్యాక్టీరియాతో) మార్చే పద్ధతులు 2001 నుంచీ అచ్చులో ఉన్నాయి. స్పైరోడెలాను మార్చకుండా, పోల్చి చూడటానికి మాత్రమే ఉంచుకున్నాం. ఎందుకో రంగు కొలిచే దగ్గర తెలుస్తుంది.

పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చిన 1989 నియమాల ప్రకారం, సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ అనుమతి చేతికి వచ్చాకే ప్లాస్మిడ్ (కొత్త జన్యువును మోసే గుండ్రటి డీఎన్‌ఏ) ట్యూబు తెరవాలి. దరఖాస్తులో కమిటీ ఎక్కువగా అడిగేది జన్యువు గురించి కాదు, నీళ్ళు ఎటు పోతాయని. సింకు కింద 200 మైక్రాన్ల నైలాన్ జాలీ, ఆ కింద బ్లీచు బకెట్, ఆ తర్వాతే డ్రెయిను. ఈ అమరిక గీసి ఇస్తే చర్చ సగం తగ్గుతుంది.

నీటి విషయంలో రాజీ లేదు. గోపాలపూర్ వైపు బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. ఆర్వో మెంబ్రేన్ పాతబడేకొద్దీ అది మీడియంలోకి వచ్చేస్తుంది. కండక్టివిటీ మీటరు పెట్టి ప్రతిసారీ చూడాలి. లీటరుకు సగం బలం షెంక్-హిల్డెబ్రాంట్ లవణాలు 1.6 గ్రాములు, చక్కెర 10 గ్రాములు, పీహెచ్ 5.7. ఇది మా రోజువారీ మీడియం.

మొక్కను శుభ్రం చేసే పద్ధతి ఇదీ. క్రియాశీల క్లోరిన్ 0.5 శాతం ఉండే సోడియం హైపోక్లోరైట్‌లో ఆకుల్ని ముంచి, మధ్యలోని చిన్న సంచి దగ్గర ఆకుపచ్చ మిగిలి, చుట్టూ తెల్లబడేదాకా ఆగి, స్టెరైల్ నీళ్ళలో మూడుసార్లు కడగాలి. ఆకు చచ్చిపోయినట్టు కనిపించినా భయపడక్కర్లేదు. పెరిగే కణజాలం ఆ సంచిలో దాగి ఉంటుంది, పిల్ల ఆకు అక్కడి నుంచే వస్తుంది. పచ్చగా ఉండగానే తీసేస్తే మాత్రం బ్యాక్టీరియా మిగిలిపోతుంది. చక్కెర మీడియంలో వారంలోపే నీళ్ళు మసకబారి అది బయటపడుతుంది.

డిసెంబరు: ఏ స్విచ్?

నీటి మొక్కకు స్విచ్ ఎంచుకోవడం పొలం మొక్కకు ఎంచుకున్నట్టు కాదు. పొలంలో మందు వేరుకు వేయాలా, ఆకు మీద చల్లాలా అన్నది ప్రశ్న. లెమ్నా ఆకు అడుగు భాగం ఎప్పుడూ నీళ్ళను తాకే ఉంటుంది. నీళ్ళలో ఏది ఉంటే అది నేరుగా కణంలోకి వెళుతుంది. వేయాలనుకున్న మందే కాదు, వేయకూడదనుకున్నదీ వెళుతుంది. ఈ లెక్కతో ఒక్కొక్కదాన్నీ జల్లెడ పట్టాం.

ఇథనాల్ స్విచ్. ఆస్పర్‌జిల్లస్ నిడ్యులాన్స్ బూజు నుంచి తెచ్చిన ఆల్క్-ఆర్ ప్రొటీను ఇథనాల్ తగిలితే ప్రమోటర్‌ను లేపుతుంది. ప్రమోటర్ అంటే జన్యువు ముందుండి దాన్ని ఆన్ చేసే డీఎన్‌ఏ భాగం. మొక్కల్లో ఈ స్విచ్‌ను 1998లో చూపించారు. చవక, ప్రమాదం తక్కువ. కానీ టిష్యూ కల్చర్ గదిలో రోజంతా 70 శాతం ఇథనాల్ స్ప్రే చేస్తూనే ఉంటాం. దాని ఆవిరి చాలు స్విచ్ పడటానికి. పైగా ఆక్సిజన్ తగ్గినప్పుడు మొక్క తనంతట తానే ఇథనాల్ చేసుకుంటుంది. కిక్కిరిసిన ఫ్లాస్కులో అది మామూలే. కొట్టేశాం.

రాగి స్విచ్. ఈస్ట్‌లోని ఏస్-1 ప్రొటీను మీద ఆధారపడింది, 1993 నాటిది. షెంక్-హిల్డెబ్రాంట్ మీడియంలోనే లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కాపర్ సల్ఫేట్ ఉంటుంది. అంటే సుమారు 0.8 మైక్రోమోలార్ (లీటరులో ఎన్ని అణువులున్నాయో చెప్పే కొలత). మీడియం పోయగానే స్విచ్ కాస్త పడ్డట్టే. రాగి తీసేసి మీడియం చేసుకోవచ్చు, కానీ రాగి పెరిగితే లెమ్నా తొందరగా పాలిపోతుంది. పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య జాగా చాలా తక్కువ.

వేడి స్విచ్. అరబిడోప్సిస్ హెచ్‌ఎస్‌పీ 18.2 ప్రమోటర్ 37, 38 డిగ్రీల దగ్గర గంటా, రెండు గంటలు ఉంచితే లేస్తుంది. మందు అక్కర్లేదు, నీళ్ళలో ఏమీ మిగలదు. మనసుకు నచ్చింది ఇదే. కానీ ఏప్రిల్, మే నెలల్లో బరంపురంలో కరెంటు పోయి గ్రోత్ చాంబర్ ఆగితే, ఎవరూ స్విచ్ వేయకుండానే జన్యువు లేచి కూర్చుంటుంది. ఎల్‌ఈడీ లైట్ల కింద ఫ్లాస్కులోని నీళ్ళు గది గాలి కంటే వెచ్చగా ఉంటాయన్నది కూడా మరవకూడదు. ఉష్ణోగ్రత ప్రోబును గాలిలో కాదు, నీళ్ళలో ముంచి కొలవాలి.

డెక్సామెథాసోన్‌తో పనిచేసే జీవీజీ స్విచ్ (1997) బలమైనదే. అయితే జీవీజీ ప్రొటీను కొన్ని మొక్కల ఎదుగుదలను తనంతట తానే దెబ్బతీస్తుందని నివేదికలున్నాయి. మా కొలమానమే ఎదుగుదల కాబట్టి దాన్నీ పక్కన పెట్టాం.

మిగిలింది ఈస్ట్రడయాల్ (ఒక ఈస్ట్రోజన్ హార్మోను) స్విచ్, ఎక్స్‌వీఈ. 2000లో నామ్-హాయ్ చువా బృందం చేసింది. బ్యాక్టీరియా లెక్స్-ఏ నుంచి డీఎన్‌ఏను పట్టుకునే ముక్క, హెర్పిస్ వైరస్ వీపీ16 నుంచి జన్యువును లేపే ముక్క, మనిషి ఈస్ట్రోజన్ గ్రాహకం నుంచి హార్మోనును గుర్తించే ముక్క. ఈ మూడూ కలిపి ఒకే ప్రొటీను. మొక్కకు ఈస్ట్రడయాల్ అవసరం లేదు కాబట్టి అది లేనప్పుడు స్విచ్ దాదాపు మూసుకునే ఉంటుంది. ఫ్లాస్కులో పనికి ఇదే మేలు. చెరువులో పనికి మాత్రం ఇది అసలు పనికిరాదు. చివర వ్యర్థాల దగ్గర లెక్కతో చెబుతాం.

జనవరి: కన్‌స్ట్రక్ట్

కన్‌స్ట్రక్ట్ అంటే మొక్కలో పెట్టడానికి కూర్చిన డీఎన్‌ఏ. దాన్ని మోసే ప్లాస్మిడ్, అంటే వెక్టరు, పీఈఆర్8. జీ10-90 ప్రమోటర్ ఎక్స్‌వీఈని ఎప్పుడూ చేయిస్తూ ఉంటుంది. హైగ్రోమైసిన్ (మారని కణాల్ని చంపే యాంటీబయాటిక్) నిరోధక జన్యువు సెలెక్షన్‌కు, అంటే మారిన కణాల్ని ఏరడానికి. లెక్స్-ఏ ఆపరేటర్ల (ఎక్స్‌వీఈ పట్టుకునే డీఎన్‌ఏ చోట్ల) వెనుక కనీస 35ఎస్ ప్రమోటర్ (తనంతట తాను లేవనిది), దాని తర్వాత మన జన్యువు.

మన జన్యువుగా రూబీ తీసుకున్నాం. 2020లో వచ్చిన ఈ రిపోర్టరులో (జన్యువు ఆన్ అయిందని చూపే గుర్తులో) మూడు ఎంజైముల జన్యువులు వరుసగా ఒకే ముక్కలో ఉంటాయి. టైరోసిన్‌ను బీటాలెయిన్‌గా, అంటే బీట్‌రూట్ ఎరుపుగా మారుస్తాయి. సబ్‌స్ట్రేట్ (రంగుగా మారే రసాయనం) కొనక్కర్లేదు, ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు అక్కర్లేదు, ఆకును చంపక్కర్లేదు. జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రొటీను) అయితే పత్రహరితం సొంత ఎర్రటి వెలుగు అడ్డొస్తుంది, మంచి ఫిల్టరు కావాలి. గస్ (నీలిరంగు ఇచ్చే ఎంజైము) అయితే రంగు చూడటానికి ఆకును బలి ఇవ్వాలి. తక్కువ పరికరాలున్న చోట రూబీయే సరైనది.

మొత్తం దాదాపు 4 కిలోబేసుల (4,000 డీఎన్‌ఏ అక్షరాల) ముక్క. వెక్టరు సైట్ల (కోత ఎంజైములు గుర్తించే చోట్ల) దగ్గర కోసి అతికించే ముందు, అదే సైటు రూబీ లోపల కూడా ఉందేమో కంప్యూటరులో వెతకాలి. ఉంటే ఆ కోత అక్కర్లేకుండా అంచులు కలిపి అతికించే గిబ్సన్ పద్ధతే దిక్కు. అతికాక ప్రమోటర్-రూబీ కూడలిని, చివరి కూడలిని సీక్వెన్స్ చేయించాలి. మూడు ఎంజైములూ విడివిడిగా వచ్చేలా చేసే మధ్యలోని 2ఏ ముక్కల్లో ఒక్క బేసు జారినా ఎరుపు రాదు, కారణం ఎక్కడుందో నెలల తర్వాత కూడా తేలదు.

ఆగ్రోబాక్టీరియం జాతి ఈహెచ్‌ఏ105. ఎలక్ట్రోపొరేషన్ (కరెంటు షాకుతో ప్లాస్మిడ్ ఎక్కించడం) తర్వాత రిఫాంపిసిన్, స్పెక్టినోమైసిన్ యాంటీబయాటిక్‌లు ఉన్న ప్లేటు మీద, 28 డిగ్రీల దగ్గర. గది వేడెక్కి 28 దాటితే కాలనీలు పెరిగినట్టే కనిపిస్తాయి గానీ పని తగ్గుతుంది. ఇంక్యుబేటర్‌లో చల్లబరిచే సదుపాయం కూడా ఉండాలి. వేడి చేసేది మాత్రమే ఉంటే ఈ ఊళ్ళో చాలదు.

ఫిబ్రవరి: కాలస్

నవంబరులో మొదలుపెట్టిన కాలస్ (ఆకు నుంచి పుట్టించిన, ఆకారం లేని కణాల గడ్డ) ఇప్పటికి వాడే స్థితికి వచ్చింది. మురాషిగే-స్కూగ్ లవణాలు, 3 శాతం చక్కెర, హార్మోన్లుగా 2,4-డీ 5 మైక్రోమోలార్ (లీటరుకు 1.1 మిల్లీగ్రాములు), థిడయాజురాన్ 0.5 మైక్రోమోలార్. గట్టిపరచడానికి 0.4 శాతం అగర్, 0.15 శాతం జెల్రైట్ కలిపి. అగర్ ఒక్కటే వేస్తే మీద నీటి పొర నిలుస్తుంది, కాలస్ దాంట్లో నాని మెత్తబడుతుంది.

ఆకును బోర్లా పెట్టాలి, సంచి గాలి వైపు ఉండేలా. కొన్ని వారాల్లో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి తెల్లగా, మెత్తగా, నీరు పట్టినట్టు ఉంటుంది. అది పెరుగుతుందే తప్ప మళ్ళీ ఆకు పెట్టదు. రెండోది లేత ఆకుపచ్చగా, గట్టిగా, చిన్న చిన్న గడ్డలుగా ఉంటుంది. ఈ రెండోదే కావాలి. దాన్ని 2,4-డీ 1 మైక్రోమోలార్, బెంజైలాడెనిన్ 2 మైక్రోమోలార్ ఉన్న మీడియంకు మార్చి, రెండు వారాలకోసారి ముక్కలు చేసి కొత్త ప్లేటుకు వేయాలి. మొదటి రకాన్ని జాలిపడి ఉంచుకోకూడదు. చూడటానికి పెద్దగా, ఆరోగ్యంగా ఉంటుంది, ప్లేటులో చోటు తినేస్తుంది, చివరికి ఏమీ ఇవ్వదు.

అదే సమయంలో హైగ్రోమైసిన్ పరీక్ష. మార్చని కాలస్‌ను లీటరుకు 0, 5, 10, 20, 30 మిల్లీగ్రాముల ప్లేట్ల మీద పెట్టి, నాలుగు వారాల్లో అంతా గోధుమరంగుకు తిరిగే అతి తక్కువ మోతాదు చూడాలి. వేరే ల్యాబు సంఖ్య అరువు తెచ్చుకోవడం పనికిరాదు. క్లోను మారితే తట్టుకునే శక్తీ మారుతుంది. మందును మొక్క బాగా తట్టుకుంటే ఎస్కేపులు (మారకుండానే బతికిపోయే కణాలు) ఎక్కువవుతాయి.

మార్చి: కో-కల్చర్

కాలస్‌నూ, బ్యాక్టీరియానూ కలిపి పెంచడమే కో-కల్చర్. ఆగ్రోబాక్టీరియంను ఓడీ (మసకను బట్టి బ్యాక్టీరియా ఎంతుందో చెప్పే కొలత) 0.5 దగ్గర తీసి, సెంట్రిఫ్యూజ్ చేసి, పీహెచ్ 5.4కు తగ్గించిన మీడియంలో కలుపుకోవాలి. అసిటోసిరింగోన్ 100 మైక్రోమోలార్. దీనికి డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో మిల్లీలీటరుకు 19.6 మిల్లీగ్రాముల స్టాకు చేసుకుంటే లీటరుకు ఒక మిల్లీలీటరు సరిపోతుంది. గాయపడిన మొక్క వదిలే వాసన ఇదే అని బ్యాక్టీరియా భ్రమపడి డీఎన్‌ఏ పంపే యంత్రాంగాన్ని విప్పుతుంది. పీహెచ్ 5.7 దాటితే ఆ స్పందన పడిపోతుంది.

కాలస్ గడ్డల్ని బ్లేడుతో రెండు, మూడు మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, 20 నిమిషాలు ముంచి, ఫిల్టరు కాగితం మీద బాగా ఆరబెట్టి, ప్లేటు మీద చీకట్లో రెండు రోజులు. ఉష్ణోగ్రత 22 నుంచి 24.

ఈ రెండు రోజులే మొత్తం ప్రాజెక్టుకు ప్రాణం. డీఎన్‌ఏను మోసుకెళ్ళే పిలస్ చల్లటి చోటే కడుతుంది. 30 దాటితే బ్యాక్టీరియా మాత్రం పెరుగుతుంది, డీఎన్‌ఏ మాత్రం వెళ్ళదు. ఉదయం తలుపు తీస్తే కాలస్ చుట్టూ దట్టంగా తెల్లటి బ్యాక్టీరియా, లోపల మార్పిడి సున్నా. మార్చిలో కరెంటు రాత్రిళ్ళు పోతుంది గనక, ప్లేట్లను థర్మోకోల్ పెట్టెలో, నాలుగు వైపులా నీళ్ళు నింపి ఫ్రిజ్‌లో చల్లబరిచిన సీసాలతో ఉంచాం. ఐసు నేరుగా పెట్టకూడదు, ప్లేటు మూత కింద నీరు పడుతుంది. రెండు గంటల కోతకు ఆ పెట్టె చాలు. అంతకు మించితే జనరేటరే.

ఏప్రిల్, మే: సెలెక్షన్

బ్యాక్టీరియాను చంపే సెఫోటాక్సిమ్ లీటరుకు 400 మిల్లీగ్రాములు, హైగ్రోమైసిన్ మన పరీక్ష చెప్పిన మోతాదు. సెఫోటాక్సిమ్ వేడికీ వెలుతురుకూ పాడవుతుంది. మీడియం 50 డిగ్రీలకు దిగాకే కలిపి, ప్లేట్లు చీకట్లో దాచి, వారానికోసారి కాలస్‌ను కొత్త ప్లేటుకు మార్చాలి. రెండు వారాలు బద్ధకిస్తే బ్యాక్టీరియా తిరిగి లేస్తుంది. అప్పుడు ఎంత కడిగినా ఫలితం ఉండదు.

స్విచ్ ఉన్న కన్‌స్ట్రక్ట్‌లో ఒక చిక్కు ఉంది. ఎప్పుడూ ఆన్‌లో ఉండే రూబీ అయితే ఎర్రబడిన కాలస్‌ను కంటితో ఏరుకోవచ్చు. ఇక్కడ స్విచ్ మూసి ఉంది కాబట్టి మారినదీ, మారనిదీ ఒకేలా ఉంటాయి. అందుకే హైగ్రోమైసిన్ మీద నిలిచిన ప్రతి గడ్డ నుంచి చిటికెడు ముక్క విరిచి, 5 మైక్రోమోలార్ ఈస్ట్రడయాల్ ఉన్న వేరే ప్లేటు మీద పెట్టాలి. మూడు రోజుల్లో ముక్క ముదురు గులాబి అయితే అసలు గడ్డ మారినట్టు. ముక్కలు పెట్టిన ప్లేటును అసలు ప్లేట్లతో ఒకే అరలో ఉంచకూడదు, ఫోర్సెప్స్ పంచుకోకూడదు. పరీక్షించిన ముక్కల నుంచి మొక్క పెంచకూడదు.

నిలిచిన గడ్డల్ని హార్మోన్లు లేని సగం బలం షెంక్-హిల్డెబ్రాంట్, 1 శాతం చక్కెర, 0.8 శాతం అగర్ మీదకు మార్చితే ఆకులు వస్తాయి. మొదట వచ్చేవి వంకరగా, మందంగా ఉంటాయి. కంగారు అక్కర్లేదు. ద్రవ మీడియంలో కొన్ని తరాలు గడిస్తే ఆకారం సర్దుకుంటుంది.

జూన్: లైన్లు విడదీయడం

ఒక్కో మారిన గడ్డ నుంచి పెరిగిన మొక్కల సంతతే ఒక లైను. లెమ్నా మైనర్ మన చేతిలో విత్తనం పెట్టదు. విత్తనపు మొక్కల్లోలా తర్వాతి తరంలో వేరుపడే నిష్పత్తి చూసి ఎన్ని కాపీలు ఎక్కాయో చెప్పలేం. కాపీల్ని లెక్కించే సదరన్ బ్లాట్ పరీక్ష గానీ డిజిటల్ పీసీఆర్ పరీక్ష గానీ చేయాల్సిందే. ఎక్కువ కాపీలు ఎక్కిన లైను మొదట గట్టిగా ఎర్రబడి, తర్వాత జన్యువు మూగబోయే అవకాశం ఎక్కువ. ఒక్క కాపీ లైనుతో ముందుకు వెళ్ళడం క్షేమం.

మొక్క పూర్తిగా మారిందా, సగం మారిందా అన్నది రెండో ప్రశ్న. కాలస్ నుంచి వచ్చిన ఆకులో మారిన కణాలూ, మారనివీ కలిసి ఉండొచ్చు. దీనికి లెమ్నా దానంతట అదే మందు. ప్రతి ఆకుకూ రెండు సంచులు, ఒక్కో సంచి నుంచి పిల్ల ఆకు. ఒక్క ఆకును వేరు చేసి క్లోనుగా పెంచి, దాంట్లోంచి మళ్ళీ ఒక్కదాన్ని తీసి పెంచాలి. ఇలా వరుసగా చేస్తూ పోతే మిశ్రమం విడిపోతుంది. ప్రతి దశలోనూ కొన్ని ఆకుల్ని పక్కకు తీసి ఈస్ట్రడయాల్ ఇచ్చి చూడాలి. ఒకే గుంపులో కొన్ని ఎర్రగా, కొన్ని పచ్చగా ఉంటే ఇంకా విడిపోలేదన్నమాట.

ప్రతి లైనుకూ అగర్ గొట్టంలో, 15 డిగ్రీల దగ్గర, తక్కువ వెలుతురులో ఒక నిల్వ ఉండాలి. ఇంకో నిల్వ వేరే భవనంలో. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ప్రాంతం ఇది. తుఫాను కాలం వచ్చేలోపు నకళ్ళు లేకపోతే ఏడాది శ్రమ ఒక్క రాత్రిలో పోగలదు.

జూలై: లీకు, డోసు

ఈస్ట్రడయాల్ అణుభారం 272.4. నీళ్ళలో లీటరుకు కొద్ది మిల్లీగ్రాములే కరుగుతుంది. 10 మైక్రోమోలార్ అంటే 2.7 మిల్లీగ్రాములు, అదే దాదాపు హద్దు. అంతకు మించి వేస్తే సన్నటి స్ఫటికాలు పడతాయి, లెక్క తప్పుతుంది.

డోసు పరీక్షలో జాగ్రత్త పడాల్సింది డీఎంఎస్‌ఓ దగ్గర. అన్ని ఫ్లాస్కుల్లోనూ అది సమానంగా ఉండాలి. అందుకు 20, 10, 2, 1, 0.2 మిల్లీమోలార్ల స్టాకులు వేర్వేరుగా చేసుకుని, ప్రతి 25 మిల్లీలీటర్ల మీడియంకూ తగిన స్టాకు నుంచి 12.5 మైక్రోలీటర్లు వేయాలి. అవి వరుసగా 10, 5, 1, 0.5, 0.1 మైక్రోమోలార్లు అవుతాయి. డీఎంఎస్‌ఓ అన్నిట్లోనూ 0.05 శాతమే. కంట్రోలుకు ఒట్టి డీఎంఎస్‌ఓ 12.5 మైక్రోలీటర్లు.

గాజు ఫ్లాస్కులే వాడాలి. ఈస్ట్రడయాల్ నూనెను ఇష్టపడే అణువు, ప్లాస్టిక్ గోడకు అంటుకుంటుంది. రెండు నష్టాలు. వేసిన మోతాదు మొక్కకు చేరదు. కడిగి మళ్ళీ వాడిన ప్లాస్టిక్ గిన్నె నుంచి కొంచెం కొంచెంగా ఊడి, కంట్రోలు ఎర్రబడుతుంది. అలాంటి కంట్రోలును చూసి లైను లీకు అవుతోందని, అంటే మందు లేకుండానే జన్యువు ఆన్ అవుతోందని పారేస్తే మంచి లైను పోతుంది. ఇండక్షన్ (స్విచ్ వేసే) గాజుసామాను మీద ఎర్ర టేపు చుట్టి, విడిగా ఇథనాల్‌తో కడిగి, విడి బీరువాలో పెట్టాం. ఎన్నడూ వాడని కొత్త గాజులో కూడా కంట్రోలు ఎర్రబడితేనే అది నిజమైన లీకు. జన్యువు పడిన చోట పక్కనున్న ఎన్‌హాన్సర్ (జన్యువుల్ని బలంగా లేపే డీఎన్‌ఏ ముక్క) దాన్ని లేపుతోందన్నమాట. ఆ లైనుకు మందు లేదు, వదిలేయాలి.

ఆకులు ఒకే పొరగా ఉండాలి. ఈస్ట్రడయాల్ మొక్కలో దూరం ప్రయాణించదు, తాకిన చోటే పనిచేస్తుంది. ఫ్లాస్కు కిక్కిరిసి ఆకు మీద ఆకు ఎక్కితే, పైది నీళ్ళను తాకదు, పచ్చగానే ఉంటుంది. అది చూసి జన్యువు మూగబోయిందనుకోవడం సులభం. 25 మిల్లీలీటర్లకు పది, పన్నెండు ఆకులతో మొదలుపెట్టి, నీటి మీద సగం ఖాళీ ఉండగానే చదవాలి.

రంగు మొదట ఆకులో కనపడదు, వేరులో కనపడుతుంది. తెల్లటి దారంలాంటి వేరు మొదటి రోజు చివరికి లేత గులాబి పట్టింది. అప్పటికి ఆకు ఇంకా మామూలు పచ్చే. ఆకులో ఎరుపు పచ్చదనంతో కలిసి ముందు మట్టిరంగులా, ఎండిపోతున్న ఆకులా కనిపిస్తుంది. మర్నాటికి వంకాయ రంగుకు తిరుగుతుంది. మొదటి రోజు ఆకు చూసి మందు విషమైందనుకుని తీసేయకూడదు. తిప్పి వేరు చూడాలి.

1 మైక్రోమోలార్ దగ్గరే రంగు స్పష్టంగా ఉంది. 5కూ 10కీ మధ్య కంటికి తేడా తెలియలేదు. ఇక మీద 5 మైక్రోమోలార్‌తోనే పని. మొక్క పెరుగుదలను ఆకుల లెక్కతో చూడాలి. 10 ఆకులు నాలుగు రోజుల్లో 40 అయితే, సహజ లాగరిథమ్ 4ను నాలుగుతో భాగిస్తే రోజుకు 0.347, అంటే రెండు రోజులకు రెట్టింపు. ఆన్ ఫ్లాస్కునూ, డీఎంఎస్‌ఓ ఫ్లాస్కునూ ఈ సంఖ్యతోనే పోల్చాలి. రంగు ఎంత బాగున్నా ఈ సంఖ్య పడిపోతే స్విచ్ ఖరీదు ఎక్కువైనట్టు.

ఆగస్టు: కొలత

కంటి చూపు చాలదు. 100 మిల్లీగ్రాముల ఆకుల్ని 1 మిల్లీలీటరు నీళ్ళలో నూరి (నీళ్ళలో 10 మిల్లీమోలార్ ఆస్కార్బేట్, లేకపోతే రంగు మాసిపోతుంది), 12,000 ఆర్‌పీఎం దగ్గర పది నిమిషాలు తిప్పి, 538 నానోమీటర్ల దగ్గర శోషణ (ద్రవం ఎంత వెలుతురు పీల్చిందో) చదివి, 600 దగ్గరి విలువ తీసేయాలి. బీటనిన్ (బీట్‌రూట్ ఎరుపులోని బీటాలెయిన్) శోషణ గుణకం 60,000గా, అణుభారం 550గా తీసుకుంటే, శోషణ 0.3 అంటే లీటరుకు 2.75 మిల్లీగ్రాములు. గ్రాము తాజా ఆకుకు సుమారు 27 మైక్రోగ్రాములు.

ఈ కొలతలో అతి పెద్ద తేడా యంత్రంలో రాదు, తూకంలో వస్తుంది. లెమ్నా అడుగున నీటి పొర అంటుకుని ఉంటుంది. ఒకరు ఒకసారి అద్ది తూస్తారు, ఇంకొకరు మూడుసార్లు అద్దుతారు, బరువు చాలా మారిపోతుంది. అడుగున చిన్న రంధ్రాలున్న ట్యూబులో ఆకులు వేసి, దాన్ని పెద్ద ట్యూబులో దించి, తక్కువ వేగంతో నిమిషం తిప్పితే పై నీరు దిగిపోతుంది. అందరి తూకం ఒకటే అవుతుంది.

స్పైరోడెలా ఇక్కడ అక్కరకొచ్చింది. దాని ఊదారంగు ఆంథోసయనిన్, మా ఎరుపు బీటాలెయిన్. రెండూ ఎర్రగానే ఉంటాయి. పీహెచ్ 3 నుంచి 7 దాకా బీటాలెయిన్ రంగు పెద్దగా మారదు. ఆంథోసయనిన్ ఆమ్లంలో మెరిసే ఎరుపు, 7 దగ్గర వెలిసిపోయిన ఊదా. ఒత్తిడికి లోనైన ఏ డక్‌వీడ్‌లోనైనా ఎరుపు కనిపిస్తే ముందు ఈ పరీక్ష చేయాలి.

రంగు ఆలస్యంగా వస్తుంది కాబట్టి స్విచ్ వేగం తెలియాలంటే ఆర్‌ఎన్‌ఏ (జన్యువు ఆన్ కాగానే తయారయ్యే దాని నకలు) చూడాలి. 0, 3, 6, 12, 24 గంటల్లో నమూనాలు, వెంటనే ద్రవ నైట్రోజన్‌లో. రూబీతో పాటు ఎక్స్‌వీఈ ఆర్‌ఎన్‌ఏ కూడా కొలవాలి. రెండూ తక్కువైతే స్విచ్ ప్రొటీనే మూగబోతోందని, ఎక్స్‌వీఈ బాగుండి రూబీ తక్కువైతే లక్ష్యపు ప్రమోటర్ దగ్గరే అడ్డు ఉందని అర్థం. ఈ రెండో కొలత లేకపోతే కారణం ఎటుందో తేలదు.

సెప్టెంబరు: ఆపడం

ఆన్ చేయడం తేలిక, ఆపడమే అసలు పరీక్ష. ఎర్రబడ్డ ఆకుల్ని కొత్త మీడియంలో పది నిమిషాల చొప్పున మూడుసార్లు కడిగి, కొత్త గాజులోకి మార్చాం. ఎర్రటి ఆకు ఎరుపుగానే ఉంటుంది. బీటాలెయిన్ వాక్యుయోల్‌లో (కణంలోని నిల్వ సంచిలో) చేరాక కడిగితే పోదు, స్విచ్ ఆపినా పోదు. అందుకే ఆ ఆకును చూసి స్విచ్ ఆగలేదనడం తప్పు. చూడాల్సింది పిల్లల్ని.

స్టీరియో మైక్రోస్కోపు కింద ఒక గుంపు ఇలా ఉంది. తల్లి ఆకు పూర్తిగా వంకాయ రంగు. ఎడమ సంచి నుంచి వచ్చిన పిల్ల లేత గులాబి. కుడి సంచి నుంచి తర్వాత వచ్చింది అంతకంటే పలచన. ఆ ఎడమ పిల్ల సంచిలోంచి తొంగి చూస్తున్న మనవరాలి అంచు మాత్రం పచ్చ, వేరు తెలుపు. తల్లి సంచిలో పిల్ల, ఆ పిల్లలో దాని పిల్ల మొలక ముందే ఒదిగి ఉంటాయి కాబట్టి, మందు ఉన్న రోజుల్లో లోపలే ఉన్న మొలకలకు కొంత ఎరుపు అందింది. ఆ మోతాదు తరం తరానికీ పలచబడింది. లెమ్నాలో స్విచ్ ఆపడమంటే గంటల లెక్క కాదు, తరాల లెక్క. పైకి తీసిన పంటలో పాత ఎరుపు ఉండకూడదంటే తల్లి ఆకుల్ని వేరు చేసి తీసేయాలి.

వ్యర్థాలు

5 మైక్రోమోలార్ అంటే లీటరుకు 1.36 మిల్లీగ్రాముల ఈస్ట్రడయాల్. చేపల్లో హార్మోను వ్యవస్థను కలవరపెట్టడానికి లీటరుకు నానోగ్రాముల స్థాయే చాలు. అంటే మన ఫ్లాస్కులో ఉన్నది దానికి లక్షల రెట్లు. ఇక్కడి డ్రెయిన్లు చివరికి చేరేది చేపలు పెంచే చెరువులకే. ఆటోక్లేవ్ మొక్కను చంపుతుంది, ఈస్ట్రడయాల్‌ను నమ్మకంగా నాశనం చేయదు. ఈ తేడా కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే చెప్పాలి.

మీడియంను 200 మైక్రాన్ల జాలీలో వడకట్టి, ఆకుల్ని 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఆటోక్లేవ్ చేయాలి. నీళ్ళను మూత ఉన్న డబ్బాలో పోసి, లీటరుకు 5 గ్రాముల యాక్టివేటెడ్ చార్‌కోల్ వేసి, రాత్రంతా తిప్పి, వడకట్టి, ఆ చార్‌కోల్‌ను దహనానికి పంపే ప్రమాదకర వ్యర్థాల సంచిలో వేయాలి. చేతొడుగులు, ఫోర్సెప్స్ కొనలు, ఫ్లాస్కు అంచులు తీసే ముందు వెలుతురుకు ఎత్తి చూడాలి. ఒక్క ఆకు తడి చేతొడుగుకు అంటుకుని బయటికి పోగలదు, ఒక్క ఆకే ఒక క్లోను.

తర్వాతి కన్‌స్ట్రక్ట్

రూబీ ఆన్‌ను బాగా చూపిస్తుంది, ఆఫ్‌ను చూపించలేదు. అందుకే అదే స్విచ్ వెనుక ఈసారి సీహెచ్42 జన్యువును అణిచే కృత్రిమ మైక్రో ఆర్‌ఎన్‌ఏ పెడుతున్నాం. పత్రహరితం తయారీలో మెగ్నీషియంను చేర్చే ఎంజైములో ఒక భాగం ఈ జన్యువుది. లెమ్నా మైనర్‌లో దాన్ని అణిస్తే ఆకు పాలిపోతుందని 2015లో చూపించారు. స్విచ్ వేస్తే కొత్త ఆకులు పసుపు, తీసేస్తే కొత్త ఆకులు మళ్ళీ పచ్చ. రెండు వైపులా కంటికి కనపడుతుంది. పాలిపోయిన ఆకు తన తిండి తాను చేసుకోలేదు కాబట్టి మీడియంలో చక్కెర 1 శాతం తప్పనిసరి, వెలుతురు సగానికి తగ్గించాలి. లేకపోతే స్విచ్ ఆపి చూసేలోపే గుంపు చచ్చిపోతుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ వరుసను మా క్లోను సీహెచ్42 సీక్వెన్స్‌తో సరిచూసుకుని, ఒక్క కాపీ లైన్లతోనే మొదలుపెట్టాలి.